నకలు లేని బిళ్ళ

మా ఆస్పత్రి కేసు షీటు మొదటి పేజీలో, రోగి పేరూ వయసూ రాశాక, ఒక గడి ఉంటుంది. సమాచారం ఇచ్చినవారు ఎవరు, రోగికి ఏమవుతారు, వారి మాట నమ్మదగినదా కాదా. మతి చెదిరిన మనిషి మాట మీద ఆధారపడలేమని వెంట వచ్చిన మనిషిని అడుగుతాం. ముప్పై ఏళ్ళలో నేను వేల షీట్లు నింపాను. ఆడమనిషి కేసయితే చాలావాటిలో 'భర్త, నమ్మదగినది' అనే రాశాను. భర్త చదువుకున్నవాడైతే కింద ఒక గీత కూడా గీశాను.

ఆ గడిలో ఒకసారి నా పేరు పడింది. దాని కింద రెండు గీతలున్నాయి.

తహసీన్ మా విభాగానికి జూన్ రెండో వారంలో వచ్చింది. హౌస్ సర్జన్. ఆదోని పిల్ల. తండ్రి లేడు. తల్లి మహబూబ్బీ ఆడవాళ్ళ బట్టలు కుడుతుంది. పీజీలో సైకియాట్రీ తీసుకోవాలా వద్దా తేల్చుకోవడానికి తహసీన్ మూడు వారాలు మా దగ్గర డ్యూటీ వేయించుకుంది.

"ఇంట్లో ఏమంటున్నారు?" అని అడిగాను.

"మా అమ్మ గైనిక్ తీసుకోమంటాంది సార్. పిచ్చోళ్ళ డాక్టరయితే నిన్నెవరు చేసుకుంటారే అంటాంది."

"నువ్వేమన్నావ్?"

"ఎవడో ఒక పిచ్చోడు చేసుకుంటాడులే అన్నా."

నేను నవ్వలేదు. వెనక నర్సులు నవ్వారు.

మొదటి రోజు ఓపీలో కోవెలకుంట్ల నుంచి ఒక జంట వచ్చింది. మొగుడు నిలబడే అంతా చెప్పాడు. ఎప్పట్నుంచి నిద్ర లేదో, ఏ మందు ఎవరిచ్చారో, ఎన్ని గుళ్ళు తిరిగారో. ఆమె కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. తహసీన్ ఆమె వైపు వంగి, "మీకెట్లుందమ్మా?" అంది.

"దానికేం తెలీదు మేడం, నేను చెప్తాన్నా గదా," అన్నాడు మొగుడు.

నేను మందులు రాసి పంపాను. వాళ్ళు వెళ్ళాక తహసీన్ అడిగింది.

"ఆమెనే అడగొచ్చు గదా సార్?"

"బయట నూట ఇరవై మంది ఉన్నారు. మనిషికి నాలుగు నిమిషాలు. అలాంటి మనిషి నోరు తెరవాలంటే అరగంట కావాలి. ఎక్కడి నుంచి తెస్తావు?"

"మరి కుర్చీలో కూడా నాలుగు నిమిషాలే గదా సార్. అందులో అంతా తెలిసిపోతుందంటారు."

కుర్చీకి కాగితాల మీద పెద్ద పేరు ఒకటి ఉంది. దాన్ని ఎవరూ వాడరు. రోగిని అందులో కూర్చోబెట్టి తలకు తీగల టోపీ పెడతారు. ఆ సమయంలో ఆ మనిషి లోపల ఏది ఎలా ఉందో, ఛాతీ మీద బరువు, కడుపులో భయం, గొంతులో బిగువు, అదంతా రూపాయంత గాజు బిళ్ళలో ముద్ర పడుతుంది. ఆ బిళ్ళ పెట్టి ఇంకొకరిని కూర్చోబెడితే నాలుగు నిమిషాల పాటు అదంతా వాళ్ళ ఒంట్లోకి వస్తుంది. మాటలు రావు. బొమ్మలు రావు. మిగతావన్నీ వస్తాయి.

ఒకప్పుడు మా విభాగంలో చేరిన పీజీలు నలుగురిలో ముగ్గురు ఏడాది తిరగకుండా మానుకునేవారు. అందుకని, ఈ వైపు రావాలనుకునే పిల్లలు ముందే ఆరు బిళ్ళలు చూసి రావాలని నియమం పెట్టారు.

ఇబ్బంది ఒకటే. నాలుగు నిమిషాలు అయ్యాక అది పూర్తిగా పోదు. మరక మిగులుతుంది. దాన్ని తీయాలంటే అదే బిళ్ళను ఇంకో నాలుగు నిమిషాలు వెనక్కి తిప్పాలి. అప్పుడు మనిషిలో మరకా పోతుంది, బిళ్ళలో ముద్రా పోతుంది. కాబట్టి నకళ్ళు తీసి నకళ్ళే వాడతాం. కుర్చీ కొత్తగా వచ్చిన రోజుల్లో చేసిన తొమ్మిది బిళ్ళలకు మాత్రం నకలు తీయడం కుదరదు. ఆ గాజు వేరు. అవి ఇనప బీరువాలో ఉంటాయి. బీరువా తలుపు మీద ఎర్ర సిరాతో ఒక కాగితం: నకలు లేని బిళ్ళ కుర్చీకి ఎక్కించరాదు.

ఆ కాగితం రాసింది నేను.

కుర్చీ నడిపేది ఇమ్మానుయేలు. ఇరవై రెండేళ్ళుగా అదే పని. తహసీన్‌ను మొదటిసారి కూర్చోబెట్టిన రోజు, "కమ్మలు తియ్యి డాక్టరమ్మా, నా కుర్చీకి బంగారం పడదు," అన్నాడు.

"బంగారం కాదన్నా, గిల్టు."

"గిల్టుకు ఇంకా అలుగుతాది."

ఆ రోజు బిళ్ళ దిగులు జబ్బుది. రెండో నిమిషానికి ఆమె చేతులు ఒళ్ళోంచి జారి పక్కన వేలాడాయి. నాలుగో నిమిషం దాటాక, ఇంకా వెనక్కి తిప్పకముందే, నేను చెప్పమన్నాను. అది మా పద్ధతి. మరక ఉండగానే చెప్పించాలి.

"ఇది ఏడుపు కాదు సార్," అంది మెల్లగా. "ఏడవాలంటే లోపల్నుంచి ఏదో ఒకటి లేచి రావాల్ల. ఆ లేచేదే లేదు."

నేను పుస్తకాల్లో చదివి, పాతికేళ్ళు పాఠం చెప్పిన సంగతిని అంత సూటిగా ఎవరూ చెప్పగా వినలేదు. వెనక్కి తిప్పాక ఆ పిల్ల లేచి కమ్మలు పెట్టుకుని, క్యాంటీన్లో ఎగ్ పఫ్ ఉందా అని ఇమ్మానుయేలును అడిగింది. "ఎవరింటికో పోయొచ్చినట్టుంది సార్. బాగుంది అనను. కానీ పోవాల్సిన ఇల్లే," అంది.

ఈ పిల్ల మంచి డాక్టరవుతుందని ఆ రోజే తెలిసింది. ఏ బిళ్ళలో ఏముందో ఈ పిల్ల ఉన్నదున్నట్టు చెప్పగలదని కూడా తెలిసింది. నేను వాడుకున్నది ఈ రెండోదాన్ని.

నా భార్య సుబ్బరత్న మా మేనమామ కూతురు. పెన్న ఒడ్డున మా ఊరి బళ్ళో ఇద్దరం చదివాం. ఆమె ఏడో తరగతితో ఆగింది. నేను ఆ ఊరి నుంచి వచ్చిన మొదటి డాక్టర్ని. సైకియాట్రీ పీజీ రెండో ఏడులో ఉండగా మాకు బిడ్డ ఎనిమిదో నెలలో చచ్చి పుట్టింది. అప్పట్నుంచి రత్నకు నిద్ర పోయింది. పాలు పొంగి పొయ్యి మీద పడుతుంటే చూస్తూ నిలబడేది. నేను థీసిస్ రాసుకుంటున్నాను.

ఒక రోజు బూట్లు వేసుకుంటుంటే వచ్చి నిలబడింది. "బావా, నన్ను ఒక్కదాన్నే ఇంట్లో పెట్టి పోవాకు," అంది.

"ఏం?"

"కాళ్ళు కాలవ దిక్కు పోతాండాయి."

ఆ మాటకు అర్థం నాకు తెలుసు. ఆ నెలలో నేను జూనియర్లకు చెబుతున్న పాఠమే అది. రెండు రోజులకు ఆమెను మా ప్రొఫెసర్ దగ్గరికి తీసుకెళ్ళాను. కుర్చీ అప్పుడే వచ్చింది. ముద్ర తీసి చూద్దామని ఆయన ఆమెను అందులో కూర్చోబెట్టాడు. ఎదురుగా ఆయన కూర్చున్నాడు. ఆమె పక్కన నిలబడి వివరాలు నేను చెప్పాను. నిద్ర తక్కువ, ఆకలి తక్కువ, చావు మాటలు లేవు.

చావు మాటలు లేవు అన్నాను. ఉన్నాయంటే వార్డులో చేర్చుకుంటారు. నాతోటి పీజీలు ఆమె మంచం చుట్టూ నిలబడతారు. మన చెన్నకేశవులు భార్య కేసు అనుకుంటారు. నేను ఆ సిగ్గు పడలేకపోయాను. సొంత విద్యార్థి చెప్పిన మాట కాబట్టి ప్రొఫెసర్ 'భర్త, నమ్మదగినది' అని రాసి రెండు గీతలు గీశాడు. మాత్రలిచ్చి ఇంటికి పంపాడు. ఐదు వారాలకు ఆమె కాలువలో దొరికింది.

ఊళ్ళో కాలు జారిందని చెప్పాను. అదీ నమ్మారు.

ఇది ముప్పై రెండేళ్ళ నాటి మాట. ఆమె బిళ్ళ బీరువాలో ఉంది. మూడో నంబరు. బీరువా తాళం ఇన్నేళ్ళూ నా దగ్గరే ఉంది. ఒక్కసారి కూడా నేను కుర్చీ ఎక్కలేదు. నియమం అడ్డమని చెప్పుకునేవాణ్ణి. ఆమె లోపల నా మీద ఏముందో అది నా ఒంట్లోకి వస్తుంది కదా. అదీ అసలు కారణం.

ఆగస్టులో నా రిటైర్మెంటు. ఆ లోపు పాత బిళ్ళలన్నీ కేంద్రానికి పంపమని ఉత్తర్వు వచ్చింది. అక్కడికి పోయాక అది ఒక నంబరు. మళ్ళీ నా చేతికి రాదు.

గురువారం ఇమ్మానుయేలు సెలవు. చర్చి మీటింగులకు నంద్యాల వెళ్ళాడు. ఆ రోజే ఎంచుకున్నాను.

"ఇమ్మానుయేలన్న లేడా సార్?" అంది తహసీన్ కమ్మలు తీస్తూ.

"నేను నడుపుతాను."

"ఈ రోజు ఏం కేసు సార్?"

"చెప్పను. నువ్వే చెప్పు. పరీక్ష అనుకో."

ఆ పిల్లకు పరీక్షలంటే హుషారు. వెంటనే కూర్చుంది. నేను మూడో నంబరు బిళ్ళ పెట్టాను.

మొదటి నిమిషంలో నుదురు ముడుచుకుంది. రెండో నిమిషంలో చెయ్యి గొంతు మీదికి పోయింది. పెదవులు విడివడ్డాయి, మూసుకున్నాయి. మళ్ళీ విడివడ్డాయి. నేను లెక్కపెట్టాను. పదకొండు సార్లు. నాలుగో నిమిషం అయిపోయినా ఆమె టోపీ తీయలేదు. నేనే తీశాను.

"చెప్పు."

చాలాసేపు పట్టింది. "బాధ ఉంది సార్. చాలా ఉంది. కానీ అది అడుగున ఉంది. పైన ఇంకోటి ఉంది. గొంతులో మాట సిద్ధంగా ఉంది. వచ్చే టయానికి ఏదో అడ్డం పడుతుంది. మళ్ళీ సిద్ధమవుతుంది. మళ్ళీ అడ్డం. పక్కన ఎవరో ఉన్నారు సార్. ఎడమ పక్కన."

"భర్త మీద కోపం ఉందా?"

ఆమె తలెత్తింది. "భర్త అని నేను చెప్పలేదు సార్."

"కేసు షీట్లో ఉంది. కోపమా, అసహ్యమా, అది చెప్పు."

"కోపం లేదు. ఆ మనిషి ఎప్పుడు బయటికి పోతాడా అని ఉంది. అంతే."

నేను ముప్పై రెండేళ్ళు భయపడింది కోపానికి. అది లేదని తెలిసి ఒక్క క్షణం హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఆ ఊపిరి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"వెనక్కి తిప్పరా సార్?" అంది.

"ఇది తేలికపాటిది. అవసరం లేదు. సాయంత్రానికి పోతుంది."

పోదని నాకు తెలుసు. వెనక్కి తిప్పితే రత్న పోతుంది. అదొక్కటే ఆలోచించాను.

తహసీన్ కమ్మలు పెట్టుకుని, నా వైపు తిరిగి, ఏదో చెప్పబోయింది. ఫోన్ మోగింది. నేను తీసి మాట్లాడాను. ముగించి చూస్తే అలాగే నిలబడి ఉంది, పెదవులు కొద్దిగా తెరిచి. కాసేపు చూసి, ఏమీ చెప్పకుండానే వెళ్ళిపోయింది.

సోమవారం రౌండ్లలో ఆ పిల్ల ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మంగళవారం ఒక పీజీ ఆమెను ఏదో అడిగాడు. ఆమె నోరు తెరిచి మాట తెచ్చుకునేలోపు ఇంకొకడు జవాబు చెప్పాడు. ఆమె మూసుకుంది. క్యాంటీన్లో టీయా కాఫీయా అని అడిగి, ఒక లిప్త ఆగి, కాఫీ పెట్టేశారు. ఆమె కాఫీ తాగదు. ఆ రోజు తాగింది.

"ఇప్పుడు దారికొచ్చింది సార్ ఈ అమ్మాయి," అన్నాడు మా అసిస్టెంట్ ప్రొఫెసర్. "మాట తగ్గించి వినడం నేర్చుకుంది. సైకియాట్రీకి పనికొస్తుంది." నేను తల ఊపాను.

వారం తిరిగేసరికి ఆమె ఫోన్ ఎత్తడం మానేసింది. అవతలివాళ్ళు హలో అనగానే ఈమె మాట ఆగిపోతుంది. ఇంకో రెండు రోజులకు, ఎవరూ అడ్డం రాకపోయినా మాట రావడం లేదు.

ఈ లోపల నేను ఏం చేశానో కూడా రాయాలి. ఆదివారం చొక్కాలు ఉతుక్కున్నాను. చెనక్కాయల పచ్చడి నూరుకుని అన్నం తిన్నాను. సాయంత్రం ఆస్పత్రికి వచ్చి బీరువా తెరిచి బిళ్ళను అరచేతిలో పెట్టుకున్నాను. ఫోన్ చేసి ఆ పిల్లను రమ్మంటే సరిపోతుంది. నాలుగు నిమిషాల పని. చిన్న వయసు, దానంతటదే పోతుందిలే అనుకున్నాను. బిళ్ళను మళ్ళీ లోపల పెట్టి తాళం వేశాను. బుధవారం కూడా ఇదే చేశాను.

పదకొండో రోజు, సోమవారం, ఆదోని నుంచి తల్లి వచ్చింది. కూతుర్ని చెయ్యి పట్టుకుని నా గదిలోకి తీసుకొచ్చి రోగుల కుర్చీలో కూర్చోబెట్టి, తను పక్కన నిలబడింది.

"పెద్ద డాక్టరు మీరే గదా సార్. మా పిల్లను చూడండి. ఎట్లుండే పిల్ల ఎట్లయిపాయ. ఇంట్లో రేడియో మాదిరి ఉండె. కుట్టుకు వచ్చేవాళ్ళు మీ తహసీన్‌కి కాసేపు ప్లగ్గు పీకవే అనేటోళ్ళు. ఇప్పుడు పిలిస్తే పలకదు. అన్నం తింటాది, నిద్ర పోతాది, మాటే లేదు. పిచ్చోళ్ళ మధ్య తిరిగితే వాళ్ళ గాలి తగుల్తాదని మా వదిన చెప్పనే చెప్పింది. గైనిక్ తీసుకోవే అని నేను మొత్తుకున్నా సార్."

తహసీన్ పెదవులు విడివడ్డాయి.

"ఎవరన్నా ఏమన్నా అన్నారేమో అని కూడా అడిగినా సార్. చెప్పదు."

పెదవులు మూసుకున్నాయి.

నేను కొత్త కేసు షీటు తీశాను. పేరు రాశాను. వయసు రాశాను. సమాచారం ఇచ్చినవారు: తల్లి. అక్కడ కలం ఆగింది. ఈ తల్లి చెప్పింది అంతా నిజమే. ఆమెకు తెలియంది ఈ గదిలో ఒక్కడికే తెలుసు.

తల్లిని టీ తాగి రమ్మని బయటికి పంపాను. అప్పుడైనా తప్పు ఒప్పుకుని ఉండాలి. కాగితం, కలం ఆ పిల్ల ముందుకు తోశాను.

"ఆ రోజు ఆమె ఏం చెప్పాలనుకుంది? రాయి."

తహసీన్ నన్ను చూసింది. కలం తీసుకుని రాసింది. 'బిళ్ళలో మాటలు రావు. మీకు తెలుసు సార్.'

"ఎవరితో చెప్పాలనుకుందో అదైనా తెలిసుంటుంది."

'మీతో కాదు. ఎదురుగా ఉన్న మనిషితో.' దాని కింద ఇంకో వరుస. 'ఆమె మీ భార్యా?'

"అవును."

ఆమె మళ్ళీ రాసి, కాగితం నా వైపు తిప్పింది. 'నాకెందుకు పెట్టారు?'

పరిశోధన అని చెప్పొచ్చు. శిక్షణ అని చెప్పొచ్చు. రెండూ నోటి దాకా వచ్చాయి.

"నాకు భయమేసి," అన్నాను.

ఆమె ఇంకేమీ రాయలేదు. కలం మూత పెట్టింది. ఏడవలేదు. నన్ను చూస్తూ కూర్చుంది. గురువును చూసే చూపు కాదు. మేం ఓపీలో కేసును చూస్తామే, ఆ చూపు.

నేను లేచి వెళ్ళి ఇమ్మానుయేలుకు అంతా చెప్పాను.

"ఏ బిళ్ళ సార్?"

"మూడు."

అతనికి మూడు ఎవరిదో తెలుసు. పాత రిజిస్టర్లు అతనే అట్టలు వేసి పెట్టాడు. బీరువా మీది ఎర్ర కాగితం వైపు చూశాడు. "రాసింది మీరే గదా సార్."

"నేనే."

"పదకొండు దినాలు?"

"పదకొండు."

టోపీ తీగలు విదిలించాడు. "ఇన్ని దినాల మరక. ఎంత పోతాదో చెప్పలేను. ఆ బిళ్ళయితే పూర్తిగా పోతాది. మధ్యలో ఆపమంటే ఆపను సార్, ముందే చెప్తాన్నా."

"తిప్పు," అన్నాను.

తహసీన్ తనే వచ్చి కూర్చుంది. తల్లి తలుపు దగ్గర నిలబడింది. ఏం జరుగుతుందో ఇమ్మానుయేలు ఆమెకు చెప్పాడు. ఆమె నా వైపు చూడలేదు.

ముద్ర ఉన్న బిళ్ళలో గాజు మధ్య తెల్లటి మబ్బు ఉంటుంది, అద్దం మీద ఊపిరి ఆవిరి పట్టినట్టు. వెనక్కి తిప్పుతుంటే అంచుల నుంచి కరుగుతుంది. రెండో నిమిషానికి సగం అయింది. మూడో నిమిషానికి చిటికెన వేలి గోరంత మిగిలింది. పుట్టింటికి ఆమె రాసిన ఉత్తరాలు లేవు. ఫోటో ఒకటే, అందులో తల వంచుకుని ఉంటుంది. ఆమె లోపల ఉన్నదాంట్లో ఈ లోకంలో మిగిలింది ఆ గోరంతే. ఆపమని చెప్పడానికి నా నోరు తెరుచుకుంది. తెరుచుకోలేదని అబద్ధం చెప్పను. ఇమ్మానుయేలు నన్నే చూస్తున్నాడు. నేను నోరు మూసుకున్నాను.

నాలుగో నిమిషం చివర అది వట్టి గాజు.

ఇమ్మానుయేలు బిళ్ళ తీసి, "ఉంచుకుంటారా సార్?" అన్నాడు.

"అందులో ఏముంది."

పగిలిన సీసాలు వేసే డబ్బాలో వేశాడు.

తహసీన్ కళ్ళు తెరిచి, రెండు చేతులూ కుర్చీ అంచుల మీద పెట్టి కూర్చుంది. మేమెవరం మాట్లాడలేదు. తల్లికే ఓపిక చాల్లేదు. "అమ్మీ, ఎట్లుంది, తల తిరుగుతాందా, నీళ్ళు—"

"అమ్మా, ఉండు," అంది తహసీన్. గొంతు బొంగురుపోయి ఉంది. "నేను చెప్తా."

తల్లి అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

తహసీన్ నా వైపు తిరిగింది. "సూపరింటెండెంట్ గారికి మీరు చెప్తారా సార్, నేను చెప్పాల్నా?"

"నేనే చెప్తాను."

"చెప్పండి. నేను కూడా వేరేగా రాసిస్తా. మీరు చెప్పేదొకటే ఉంటే చాలదు."

ఒక్కొక్క మాటకూ మధ్య కొంచెం ఆగుతోంది. ఆ ఆగడం పూర్తిగా ఎప్పటికీ పోదని తరవాత పరీక్షల్లో తేలింది.

ఆమె రాసింది చదివారు. నేను చెప్పింది విన్నారు. కుర్చీ గదికి సీలు వేశారు. నా మీద విచారణ వేశారు. ఆగస్టులో అది తేలకుండానే రిటైరయ్యాను. దండ వేయలేదు. వెయ్యాల్సిన పని లేదు. ఆదోనికి ఒక ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. రాకూడదు కూడా.

మూడో విచారణకు మరుసటి ఏడు నవంబరులో పిలిచారు. కమిటీ గది ఓపీ వరండా చివర ఉంది. పదిన్నరకు రమ్మని, కూర్చోమన్నారు. రోగుల వెంట వచ్చినవాళ్ళు కూర్చునే బల్ల మీద చోటుంటే కూర్చున్నాను. ఎదురుగా ఒకప్పటి నా గది. తలుపు తెరుచుకుని ఒకతను బయటికి వచ్చాడు. వెనక లోపలి నుంచి గొంతు వినబడింది. "మీరు బయట కూర్చోండన్నా. పిలుస్తా." మాటల మధ్య ఆ చిన్న ఆగడం. తలుపు మూసుకుంది.

తహసీన్ సైకియాట్రీలో, మా ఆస్పత్రిలోనే చేరిందని నాకు అప్పుడే తెలిసింది.

అతను వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నలభై ఏళ్ళుంటాయి. చేతిలో పాత రిపోర్టుల కవరు. కాసేపు తలుపు వైపు చూశాడు.

"కొత్త డాక్టరు," అన్నాడు నాతో. "చిన్న పిల్ల. నన్ను బయటికి పొమ్మనింది. పెద్దయనా, నువ్వే చెప్పు. నేను లేకుంటే మా ఆడమనిషికి ఏం చెప్పనొస్తాది? ఊరి పేరు కూడా సరిగ్గా చెప్పదు."



పది నిమిషాలు గడిచాయి. ఇరవై అయ్యాయి. లోపల ఏ చప్పుడూ లేదు. వరుసలో ఉన్నవాళ్ళు గొణుగుతున్నారు. నర్సు ఒకసారి తలుపు కొంచెం తీసి చూసి, మళ్ళీ వేసేసింది.

"ఇంత సేపా? ఎంత సేపు పడుతుంది మామూలుగా?" అన్నాడు అతను. "నీది ఈ ఊరే అయితే నీకు తెలిసుంటాది."

"తెలీదు," అన్నాను. "నేనెప్పుడూ అంతసేపు ఆగలేదు."

అతనికి అర్థం కాలేదు. కవరు చంకలో పెట్టుకుని లేచాడు. "మర్చిపోయి గమ్మున కూర్చునుంటాది. పోయి నేను చెప్పేసొస్తా, పనైపోతాది."

అతని మణికట్టు పట్టుకున్నాను. పొలం పని చేసిన చెయ్యి అది. ఒక్క గుంజు గుంజితే నేను బల్ల మీంచి కింద పడతాను. అతను గుంజాడు. వరండాలో అందరూ మా వైపు చూస్తున్నారు. కమిటీ గది దగ్గర అటెండరు నా పేరు పిలుస్తున్నాడు.

నేను వదల్లేదు.